మిట్ట మీది వాన

బ్రోంకా మూడో బకెట్టు నీళ్లు రోడ్డవతల గడ్డిలో కుమ్మరించి వచ్చేసరికి, నాలుగో బకెట్టుకు సరిపడా నీళ్లు వంటగదిలో ఎదురుచూస్తున్నాయి. నీళ్లనడం మర్యాదకి. స్నానాల గది మూల, నేలలో బిగించిన ఇనప జాలీలోంచి తన్నుకొచ్చిన ఆ సరుకుకు మా ఓల్షానా ఊళ్లో అసలు పేరొకటుంది గాని అది అచ్చులో పెట్టేది కాదు. వాన వెలిసి అరగంటయింది. కిటికీలోంచి ఎండ లోపలికొచ్చి ఆ సరుకు మీద పడి మెరుస్తోంది కూడా. జాలీ నిండా వచ్చింది గాని జాలి మాత్రం ఏ గొట్టంలోంచీ రాలేదు.

ఫ్యాక్టరీలో బీట్‌రూట్లు ఉడికే గంగాళం దగ్గర నిలబడ్డ మనిషి, ఎదురు వాటా తెక్లా ఫోను చేస్తే చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది. కాళ్లకి ఫ్యాక్టరీ చెక్క చెప్పులు అలాగే ఉన్నాయి. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా అవి అదే రంగు కాబట్టి పల్లంలో ఎవరూ చూసి కంగారుపడరు. నెలకి చేతికొచ్చేది మూడువేల ఐదువందల జ్లోతీలు. పని మధ్యలో వదిలేసి వచ్చినందుకు అందులోంచి ఎనభై కోస్తారు. ఈ వేసవిలో ఇది మూడో కోత.

తెక్లా మెట్ల మీద నాలుగో మెట్టున కూర్చుని ఉంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఒళ్లో ఒకే ఒక్క జాడీ. ఊరవేసిన దోసకాయలు.

"ఎన్ని పోయాయి పిన్నీ?" అంది బ్రోంకా నడుం ఎత్తకుండానే.

"పోవడమేంటి, ముప్పై రెండూ ఉన్నాయి. మంచం కింద తేలుతున్నాయి. ధైర్యముంటే భోజనానికి రా."

"మూతలు గట్టివేగా."

"మూతలు గట్టివే. నా కడుపే గట్టిది కాదు."

బ్రోంకా చేట అంచుతో బురదను ఒకవైపుకి తోస్తూ ఆగింది. వంగి, ఎర్రటి వేళ్లతో ఏదో తీసి వెలుతురుకు పట్టుకుంది. లేత పసుపు రెక్క, దాని నడుమనుంచి వేలాడే నాలుగు పూలు. లిండెన్ పూలు. పక్కనే చిన్న ఉండల్లా ఆకుపచ్చ నాచు.

"ఇదెక్కడిది?" అంది.

"ఎవరో ఆ పూలతో టీ కాచుకుని తాగుంటారు," అంది తెక్లా.

"కాడతో సహానా? పెంకుల మీది నాచు నంజుకునా?"

తెక్లా జాడీ పక్కన పెట్టి మెట్టు దిగింది. ఇద్దరూ ఆ పూలకేసి చూశారు. పల్లంలో లిండెన్ చెట్టు ఒక్కటీ లేదు. ఇక్కడున్నవి రైలు పట్టాలూ, వందేళ్ల కిందట రైల్వేవాళ్లు కూలీల కోసం కట్టిన ఈ రెండంతస్తుల ఇల్లూ, ఇంట్లో ఆరు కుటుంబాలూ. ఇంటి కప్పు రేకులది, దానికి నాచు పట్టదు. లిండెన్ చెట్లూ పెంకుల కప్పులూ ఉన్నది మిట్ట మీద.

ఇంట్లో వాడిన నీళ్లు ఒక దారినా, కప్పు మీద పడ్డ వాన నీళ్లు ఇంకో దారినా పోవాలని మున్సిపాలిటీ నిబంధన. మిట్ట మీద మురుగు లైను ఇళ్ల వాడకానికి సరిపడేంతే వేశారు. వాన నీటిని వేరే కాలువలో కలిపితే ఏటా పన్ను కట్టాలి. పెరట్లో ఇంకుడు గుంట తవ్వుకుంటే పన్ను లేదు గాని, మిట్టవాళ్లు పెరళ్లన్నీ సిమెంటు పలకలతో కప్పేసి వాటి మీద కార్లు నిలిపారు. కార్లకి కాళ్లు తడవకూడదు కదా. అందుకని కప్పు మీంచి దిగే వాన గొట్టాన్ని ఎవరికీ చెప్పకుండా ఇంటి మురుగు గొట్టంలో దూర్చేశారు. అలా వాన పన్నుని నొప్పి తెలియకుండా పీకించుకున్నారు. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు, నేల లోపల్నించి దిగి మా ఇంటికొచ్చింది. నలభై కప్పుల వాన ఒక్క గొట్టంలో పడితే అది మూడు నిమిషాల్లో నిండుతుంది. నిండింది ఎక్కడ తెరిపి దొరికితే అక్కడ లేస్తుంది. ఊళ్లో అందరికంటే కిందున్న తెరిపి బ్రోంకా స్నానాల గది. అతిథి అంటే తిథి చూసుకోకుండా వచ్చేవాడంటారు. మాకు ఆ లెక్కన మిట్టంతా అతిథే.

ఆ సాయంత్రం పైఅంతస్తు వలెంతి డ్యూటీ దిగి వచ్చాడు. ఊరి నీటి కంపెనీలో ముప్పై ఏడేళ్లుగా మురుగు లైన్ల మేస్త్రీ. పెన్షన్‌కి ఆర్నెల్లుంది. బ్రోంకా అరచేతిలో పూలు చూపిస్తే కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"నాకెందుకు చూపిస్తావ్ చెల్లెమ్మా, నేను పువ్వుల డాక్టర్నా?"

"ఎక్కడివో తెలుసా, తెలీదా?"

"తెలుసు. నేను చెప్పను. కంపెనీకి అర్జీ పెట్టు. పొగ పరీక్ష అడుగు. లైన్లోకి పొగ కొడితే వాన గొట్టం అందులో కలిసినోడి కప్పు మీంచి పొగొస్తుంది. పొగకి పెన్షన్ లేదు కాబట్టి భయం లేదు."

"ఆ కంపెనీ డైరెక్టర్ ఒప్పుకుంటాడా?"

"ఆయనేమన్నా పెద్ద గొట్టమా, ఒప్పుకోకపోవడానికి?" అంది తెక్లా మెట్ల మీంచి.

"మూడొందల మిల్లీమీటర్ల గొట్టం అక్కా," అన్నాడు వలెంతి. "మధ్యలో మేకు కూడా ఉంది, ఏది పోయినా అడ్డంపడుతుంది."

ఇంటికి పెద్దగా కాగితాల మీద సంతకం పెట్టే పని బ్రోంకాదే. మూడేళ్ల కింద ఆరు కుటుంబాలూ కలిసి ఎన్నుకున్నాయి. ఎన్నుకోవడమంటే, ఆ రోజు ఆమె ఒక్కతే ఆలస్యంగా వచ్చింది. అర్జీ రాసి, లిండెన్ పూలని కవర్లో పెట్టి పిన్ను కొట్టి ఇచ్చింది. రెండు వారాలకి జవాబొచ్చింది. పరీక్ష చేస్తాం, పూర్తి పారదర్శకతతో చేస్తాం అని. పారేది మా ఇంట్లో, దర్శనం మాకే, అందులో కొత్తేముందని తెక్లా అంది గాని, బ్రోంకా ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించుకుంది.

కొత్తది ఏమిటో ఆదివారం తెలిసింది.

మా ఊళ్లో ఏ కబురైనా పూజ చివర ఫాదర్ గారి నోటివెంట వస్తేనే కబురు. ఆ ఆదివారం రెండు పెళ్లి ప్రకటనలూ, గంట స్తంభం మరమ్మతు చందా చదివాక ఆయన ఇంకో కాగితం విప్పాడు. వచ్చే గురువారం ఉదయం తొమ్మిదికి నీటి కంపెనీ మురుగు లైన్లలో పొగ వదులుతుంది, పొగ హానికరం కాదు, ఎవరూ భయపడి ఫైరింజను పిలవవద్దు. చదివి, ఆశీర్వదించి లోపలికెళ్లిపోయాడు. ముందు వరసల్లో మిట్టవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంత భక్తి వాళ్ల మొహాల్లో ఈస్టర్ నాడు కూడా కనిపించలేదు.

"ముందే ఎందుకు చెప్పాలి?" అంది బ్రోంకా గుడి మెట్లు దిగుతూ.

"రూలు. ముసలాళ్లకి గుండాగిపోతుందని." వలెంతి టోపీ పెట్టుకున్నాడు. "ఎవరి గుండె కుదుటపడిందో చూశావుగా."

సోమ, మంగళ, బుధ మూడు రోజులూ మిట్ట మీద రంపాల చప్పుడు. నిచ్చెనలు ఒక గోడ నుంచి ఇంకో గోడకు చేతులు మారాయి. ఎప్పుడూ పలకరించుకోని పొరుగువాళ్లు ఇనుము కోసే బ్లేడు బదులడగడానికి పలకరించుకున్నారు. ప్రతి ఇంటి గోడ మీదా వాన గొట్టం నేలకి రెండడుగుల పైన తెగి, మూతి పక్కకి తిప్పుకుని వేలాడింది. కింద నేలలోకి పోయే గొట్టం నోట్లో గుడ్డలు కుక్కి, పైన జిరేనియం కుండీ పెట్టారు. నలభై ఇళ్లకి నలభై ఎర్ర జిరేనియాలు. వారపు సంతలో జిరేనియం మొక్క ధర ఆరు జ్లోతీల నుంచి పదకొండుకి ఎగబాకిందని తెక్లా చెప్పింది.

గురువారం తొమ్మిదింటికి వలెంతి మిట్ట నెత్తిన మ్యాన్‌హోల్ మూత తీసి, పొగ మెషీను దించి, మోటారు ఆన్ చేశాడు. కంపెనీ డైరెక్టర్ సెవెరిన్ కోపెచ్ స్వయంగా వచ్చాడు. ఆయన ఇల్లూ మిట్ట మీదే, మిట్ట అంచున. పైనుంచి దిగితే ఆఖరిది, పల్లం నుంచి ఎక్కితే మొదటిది. కిందటేడు ఇంటి కింద నేలమాళిగ తవ్వించి అందులో చెమట స్నానాల గది కట్టించాడు. బ్రోంకా సెలవు పెట్టి వచ్చి రోడ్డవతల నిలబడింది.

తెల్లటి పొగ నేలలోకి దిగింది. కాసేపటికి ఒక్కొక్క కప్పు మీదా గాలి గొట్టాల్లోంచి పద్ధతిగా, పొడుగ్గా లేచింది. అది ఉండాల్సిందే. వాన గొట్టాల్లోంచి మాత్రం ఎక్కడా రాలేదు. సెవెరిన్ ఒక్కో గేటు ముందు ఆగి కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ దిగాడు. ఆయన సొంత ఇంటి దగ్గర కుండీ అంచు కిందనుంచి సన్నగా పొగ పాకి జిరేనియం ఆకుల మధ్య తిరుగుతోంది.

"సార్," అంది బ్రోంకా. "మీ పువ్వు సిగరెట్ తాగుతోంది."

సెవెరిన్ చూశాడు. వలెంతి కూడా చూశాడు. చూసి, బూటు కొనతో రోడ్డు మీద గులకరాయిని అటూ ఇటూ దొర్లించాడు.

"పొద్దుటి మంచు," అన్నాడు సెవెరిన్.

"జులైలోనా?"

"అమ్మా, పరీక్ష జరుగుతున్నప్పుడు దూరంగా నిలబడాలి. అది మీ భద్రత కోసమే."

అప్పుడే పల్లం నుంచి తెక్లా కేక వినిపించింది. మా ఇంటి పెరటి మధ్యలో, చెత్తడబ్బాల పక్కన, పాత ఇనప జాలీ ఒకటుంది. రైల్వేవాళ్ల కాలంలో మురుగూ వానా కలిపే పోయేవి కాబట్టి అప్పుడు బిగించింది. దాన్నెవరూ కోయలేదు, మూయలేదు. దాని మీద జిరేనియం పెట్టాలని ఎవరికీ తోచలేదు. అందులోంచి పొగ రైలింజన్లాగా, వంద ఏళ్ల దమ్ము ఒక్కసారి వదిలినట్టు, పెరడంతా నిండి కిటికీలు దాటి రైలు పట్టాల దాకా పోయింది.

సెవెరిన్ జేబులోంచి పెన్ను తీశాడు.

నేను పుట్టి పెరిగిన ఊళ్లో మనుషులకి పొగపెట్టి వెళ్లగొట్టడం చాలా చూశాను. రసీదు ఇచ్చి పొగపెట్టడం అదే మొదలు.

రిపోర్టు మధ్యాహ్నానికల్లా టైపయి వచ్చింది. బ్రోంకా వంటింటి బల్ల మీద సెవెరిన్ దాన్ని పరిచి, తడికి ఉబ్బిన బల్ల చెక్క చూసి, కింద ఒక పత్రిక వేసి మళ్లీ పరిచాడు.

"మొత్తం నలభై ఒక్క ఇళ్లు పరీక్షించాం. తప్పుడు కనెక్షన్ ఒక్కటే దొరికింది. మీది."

"ఆ జాలీ తప్పేనండి," అంది బ్రోంకా. "కాదనను. రేపే మూసేసి డ్రమ్ము పెట్టిస్తాను. ఆ పెరడెంత? పెద్ద వానకి పది బకెట్లు. మా ఇంట్లోంచి నేను ఎత్తిపోసినవి నూట నలభై."

"అందుకేగా. కింద చదవండి."

చదివింది. పల్లపు వీధి నాలుగో నంబరు ఇంటి అక్రమ కనెక్షన్ కారణంగానే ఆ ఇంట్లోకి మురుగు వస్తున్నట్టు నిర్ధారణ అయినది. నివాసులు సెప్టెంబరు నెలాఖరులోగా పెరడు తవ్వించి స్వంత ఖర్చుతో సరిచేయవలెను. లేనిచో కింది అంతస్తు నివాసయోగ్యం కాదని సీలు వేయబడును.

"తవ్వకానికి ఎంతవుద్ది?"

"నలభై వేలు. ఆరు కుటుంబాలేగా."

"సీలేస్తే నేనూ పిన్నీ ఎక్కడుంటాం?"

"మున్సిపాలిటీ ఏర్పాటు చేస్తుంది. చెత్త యార్డు దగ్గర రేకు గదులున్నాయి. చిన్నవే గాని పొడిగా ఉంటాయి."

తెక్లా గుమ్మంలో నిలబడి వింటోంది. "ఈ ఇంట్లో యాభై ఒక్క ఏళ్లు కాపురం చేశాను బాబూ," అంది. "చెత్తయ్యానని నాకెవరూ చెప్పలేదు."

"పెద్దమ్మా, చట్టం ఎవరికైనా ఒకటే."

"ఒకటేలే. పైన పువ్వు, కింద పొగ."

బ్రోంకా ఎర్రటి వేలు కాగితం మీద ఆ ఒక్క వాక్యం మీద పెట్టింది. అక్కడ గులాబీ రంగు మరక పడింది. "ఇది కొట్టెయ్యండి. కారణంగానే అన్నారు చూశారా, అది. జాలీ మాదని సంతకం పెడతాను. వరద మాదని పెట్టను."

"టైపయిన రిపోర్టు కొట్టెయ్యడం కుదరదు."

"మరి నా సంతకమూ కుదరదు."

అది ఆమె నోటివెంట అంత తేలిగ్గా వస్తుందని ఆమెకే తెలీదు. ఇరవై రెండేళ్లలో ఫ్యాక్టరీలో ఏ కాగితం ఇచ్చినా పెట్టింది. ఓవర్‌టైం వద్దని పెట్టింది, చేతి తొడుగులు అందాయని అందకుండానే పెట్టింది. సెవెరిన్ కూడా అలవాటు లేని మనిషిలా చూశాడు. పెన్నుకి టోపీ పెట్టి జేబులో వేసుకున్నాడు.

"అయితే రేపు మీ లైనుకి బిరడా పడుతుంది. సంతకం పెట్టేదాకా మీ ఇంట్లోంచి చుక్క కూడా లైన్లోకి పోదు. పైఅంతస్తు వాళ్లకీ చెప్పండి. ఆరు కుటుంబాలు దొడ్లోకెళ్లాలంటే ఎవరి వల్లో వాళ్లకి తెలియాలి."

ఆయన మిట్టెక్కి వెళ్లాడు. ఆ సాయంత్రం, ఇంకా పొగ వాసన పోకముందే, మిట్ట మీద నిచ్చెనలు మళ్లీ లేచాయి. కుండీలు పక్కకి జరిగాయి. కోసిన గొట్టాలకి రబ్బరు జాయింట్లు తొడిగి, ఎక్కడివక్కడ బిగించారు. శనివారం ఉరుములతో వాన అని రేడియోలో చెప్పారు. కప్పు నీళ్లు పెరట్లో పడితే సిమెంటు పలకలు పాడైపోవూ.

శుక్రవారం పదకొండున్నరకి వలెంతి కంపెనీ వ్యాను ఇంటి ముందు మ్యాన్‌హోల్ దగ్గర ఆపాడు. చుట్టూ నాలుగు కోన్లు పెట్టి మూత ఎత్తాడు. వ్యానులోంచి గుమ్మడికాయంత రబ్బరు బిరడా, దాని గాలిగొట్టం, కాలితో తొక్కే పంపు, పొడుగాటి కొక్కెం కర్ర దించాడు. బ్రోంకాది ఆ వారం రెండో షిఫ్టు. ఫ్యాక్టరీ బట్టల్లోనే బయటికొచ్చింది. పై కిటికీల్లో మిగతా నాలుగు కుటుంబాల తలలు. ఎవరూ ఆమెని తిట్టలేదు. మెచ్చుకోలేదు కూడా. పొద్దుటి నుంచీ టాయిలెట్‌కి వెళ్లాల్సిన వాళ్లంతా ముందే వెళ్లొచ్చి, తర్వాతేంటా అని నిలబడ్డారు.

"నన్నేమనకు," అన్నాడు వలెంతి.

"నేనేమన్నాను?"

"ఏమీ అనకపోవడమే అంటున్నావు." గోతిలోకి చూశాడు. మనిషి నిలువు లోతు. అడుగున రెండు గొట్టాలు కలిసి ఒకటై స్టేషన్ వైపు పోతున్నాయి. "ఎడమది సన్నది, మనది. కుడిది లావుది, మిట్టది. ఎడమదానికి పెట్టమని ఆర్డరు."

"కుండీ కింద పొగ చూశావా అన్నా, నిన్న?"

వలెంతి ఒక కోనుని సరిచేసి పెట్టాడు. "చూశాను."

"రాశావా?"

"రాసేది నేను కాదు."

"చెప్పావా?"

"నలభై కనెక్షన్లలో పదకొండు నా చేత్తోనే కలిపానే." గొంతు తగ్గించాడు. "అప్పట్లో ఒక్కో ఇంటికీ సీసా. ఆదివారాలు. పైప్ ముక్క వాళ్లదే, చెయ్యి నాది. తాగుతూ కలిపాను, నవ్వుతూ కలిపాను. ఆ నీళ్లెక్కడికి పోతాయో నాక్కాక ఇంకెవరికి తెలుసు? పైఅంతస్తులో ఉంటాను కాబట్టి నిద్రపట్టింది."

బ్రోంకాకి ఆ క్షణాన అతని చెంప పగలగొట్టాలనిపించింది. మూడు వేసవులు ఆమె బకెట్లు మోస్తుంటే ఇతను మెట్ల మీద నిలబడి జాగ్రత్త చెల్లెమ్మా జారుద్ది అన్నాడు. ఆమె చెయ్యి లేచింది కూడా. లేచిన చెయ్యి వెళ్లి కొక్కెం కర్రని పట్టుకుంది.

"ఆ పెద్ద గొట్టానికి ఈ బిరడా పడుద్దా?"

వలెంతి ఆమె మొహం చూశాడు, మిట్టకేసి చూశాడు, గడియారం చూసుకున్నాడు.

"రబ్బరుది. ఏ గొట్టంలో ఉబ్బితే ఆ గొట్టానికే పడుద్ది," అన్నాడు. "ఒకటిన్నర గాలి చాలు. లోపలికి మాత్రం దిగకూడదు. గ్యాసుంటుంది, చస్తారు. పైనించే కర్రతో పెట్టాలి." పంపుని పాదంతో ఆమె వైపు తోశాడు. "నేను భోజనానికి పోతున్నా. మూత తీసి వదిలి పోవడం తప్పు. దానికి బోనసు కోస్తారు. పెన్షన్ కోయలేరు. ఈ వ్యవహారంలో ఆ తప్పొక్కటే నా పేరు మీద పడేది."

వెళ్లిపోయాడు. వీరుడిలా వెళ్లలేదు. టోపీ మర్చిపోయి, వెనక్కొచ్చి తీసుకుని మరీ వెళ్లాడు.

ఇరవై రెండేళ్లుగా బ్రోంకా చేసే పని ఇదే. మరుగుతున్న గంగాళంలోకి బీట్‌రూట్ల వలని కొక్కెంతో దించడం, ఆవిర్లో కనపడకపోయినా కర్ర బరువుని బట్టి వల ఎక్కడుందో తెలుసుకోవడం, అంచుకి తగలకుండా లాగడం. బిరడాని కొక్కేనికి తగిలించి దించింది. కుడి గొట్టం నోట్లో పెట్టి మెల్లగా తోసింది. అది గంగాళంకన్నా సులువు. ఇక్కడ కాలదు. బిరడా తాడుని కోనుకి కట్టి, చెక్క చెప్పు పంపు మీద వేసి తొక్కింది. పంపు మీటరు ముల్లు ఒకటి దాటి, ఒకటిన్నర దగ్గర ఆగింది. గోతి అడుగున కుడివైపు నీళ్లు ఆగిపోయాయి. ఎడమవైపునుంచి పైఅంతస్తులో ఎవరో అంట్లు కడిగిన నురగ హాయిగా దిగి వెళ్లింది.

అప్పుడామె మూత మూసింది. గాలిగొట్టం దూరేంత సందు వదిలింది. ఇంట్లోంచి వంటింటి స్టూలు తెచ్చి మూత మీద వేసుకుని కూర్చుంది. ఫ్యాక్టరీలో షిఫ్టు రెండింటికి. రెండూ అయింది. మూడూ అయింది.

వాన శనివారం దాకా ఆగలేదు. నాలుగింటికి ఫ్యాక్టరీ పొగగొట్టం వెనకనుంచి మబ్బు వచ్చి మిట్టని మూసేసింది. మొదటి చినుకులు పడుతుండగానే సెవెరిన్ కారులో దిగాడు. ఆఫీసు బట్టలు, కాళ్లకి రబ్బరు బూట్లు. ఆయన వెనక గొడుగులు వేసుకుని మిట్ట మీంచి ఏడెనిమిది మంది.

"నేలమాళిగలో జాలీ గురగురమంటోంది," అన్నాడు సెవెరిన్ ఎవరితోనో చెప్పినట్టు. తర్వాత పంపు చూశాడు. గాలిగొట్టం చూశాడు. ఆయన కూడా ఆ వృత్తిలోంచే పైకొచ్చినవాడు, అర్థమవడానికి క్షణం చాలు. "బ్రొనిస్లావా గారూ, లేవండి," అన్నాడు, బ్రోంకాని కాగితాల్లోని అసలు పేరుతో పిలిచి.

"వాన తగ్గాక లేస్తాను."

"ఇది ప్రజల ఆస్తి. నేరం. కేసు పెడతాను. లోపలేయిస్తాను."

"వేయించండి. లోపల నేల పొడిగా ఉంటుందంటగా."

గొడుగుల్లో ఒకామె ముందుకొచ్చింది. "మా ఇళ్లు మునిగిపోతాయి తల్లీ. మాకు పిల్లలున్నారు. మేమేం చేశాం నీకు?"

"ఏం చేశారో పోయిన ఆదివారం ఫాదర్ గారు చదవగానే మీ అందరికీ గుర్తొచ్చిందిగా," అంది బ్రోంకా. వాన ఆమె తల మీంచి కారి, మోచేతుల దగ్గరికొచ్చేసరికి ఎర్రబారి, చెక్క చెప్పుల మీద పడుతోంది. "నేనేం కొత్తది అడగట్లేదు. మూడు రోజుల్లో నలభై గొట్టాలు మీరే ఊడదీశారు. రంపాలు మీ దగ్గరే ఉన్నాయి, కుండీలు ఇంకా వాడలేదు. పొండి. పోయి ఊడదీయండి. ఊడదీస్తే గొట్టంలో మీ ఇంటి మురుగొక్కటే మిగులుద్ది, దానికి నేను దారిస్తాను. వానకి ఇవ్వను."

"సంతకం పెట్టక్కర్లేదు," అన్నాడు సెవెరిన్ తగ్గి. బ్యాగులోంచి రిపోర్టు తీశాడు. "ఆ వాక్యం కొట్టేస్తాను. ఇదిగో, మీ ముందే కొడతాను. లేవండి."

కొట్టేశాడు కూడా. తడిసిన కాగితం మీద గీత పడీ పడగానే సిరా కరిగి, కొట్టిందీ కొట్టనిదీ కలిసి నీలంగా కిందికి జారింది. ఆమె చూసింది. చెయ్యి చాచలేదు. కాగితానికి చెయ్యి కావాలి. పంపుకి కాలు చాలు.

అప్పుడు ఇంటి గుమ్మంలో తెక్లా కనిపించింది. చేతిలో ఇంకో స్టూలు. ఆమె మెట్లు దిగి, గొడుగుల మధ్యనుంచి ఎవరినీ తప్పుకోమని అడక్కుండా నడిచి వచ్చి, బ్రోంకా పక్కన స్టూలు వేసుకుంది. కూర్చుని మోకాళ్లు సర్దుకుంది.

"బ్రోంకా," అంది. "మన జాలీ చూసొచ్చాను."

"ఊ."

"పొడిగా ఉంది."

వాన దంచుతోంది. పై కిటికీల్లో నాలుగు కుటుంబాలూ చేతులు చాచి వానని చూస్తున్నాయి. మెట్ల మలుపులో వలెంతి, నోట్లో బ్రెడ్డు ముక్క నమలడం మర్చిపోయి నిలబడ్డాడు.

ఎనభై అడుగుల దూరంలో పైన, సెవెరిన్ గారి గేటు ముందు, రోడ్డు మధ్యలో ఉన్న మ్యాన్‌హోల్ మూత ఒకసారి టక్కుమంది. అందరూ అటు తిరిగారు. మళ్లీ టక్కుమంది. అంచు చుట్టూ బూడిద రంగు బుడగలు, వాటి మధ్య లిండెన్ పూలు.

గొడుగుల్లోంచి ఇద్దరు పరుగందుకున్నారు. నిచ్చెనల కోసమో, తలుపులు వేసుకోడానికో ఇక్కడినుంచి తెలియలేదు.

ముల్లు ఒకటిన్నర నుంచి కొద్దిగా వెనక్కి జారింది. బ్రోంకా చెక్క చెప్పు ఎత్తి, పంపు మీద వేసి, ఇంకోసారి తొక్కింది.